"మీకు నేను కనపడలేదాండి?"

ప్రశ్న: మాది ఆకివీడు. ఉద్యోగం భీమవరంలో. రోజూ కారులో వెళ్ళి వస్తాను. సంక్రాంతికి వారం ముందు ఆఫీసులో పని తెమలక రాత్రి తొమ్మిదిన్నరకి బయల్దేరాను. ఉండి దాటాక ఎదురుగా ఒక లారీ వచ్చింది. డిప్పర్ కొట్టినా వాడు లైటు దించలేదు. కళ్ళు చికిలించుకుని అలాగే పోనిచ్చాను. స్పీడు డెబ్భై ఉంటుంది. లారీ దాటిందో లేదో, బానెట్ ముందు ఒక మనిషి వీపు! నల్ల రగ్గు, మంకీ క్యాపు, సైకిలు. లైటు లేదు, వెనక మడ్‌గార్డుకి ఎర్ర బిళ్ళ కూడా లేదు. స్టీరింగ్ కుడికి కోసేశాను. నా సైడు అద్దం ఆయన రగ్గు అంచుని రాసుకుంటూ పోయింది. కారు ఎక్కడో ముందుకెళ్ళి ఆగింది.

దిగి వెనక్కి నడిచి వెళ్ళి నోటికొచ్చినట్టు తిట్టాను. "ఏరా, చావడానికి నా కారే దొరికిందా? లైటేదిరా?" అన్నాను. ఆయనకి అరవై ఏళ్ళుంటాయి. ఒక కాలు నేలకి ఆనించి నిలబడి, "మీ లైటుకి నా నీడ రోడ్డు మీద కనపడుతూనే ఉందండి. మీకు నేను కనపడలేదాండి?" అన్నాడు. ఆ మాటకి నాకు ఇంకా ఒళ్ళు మండింది. రొయ్యల చెరువు కాపలాకి వెళ్తున్నాడట.

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెడితే పెద్ద గొడవైంది. చీకటి పడ్డాక సైకిళ్ళని మెయిన్ రోడ్డు ఎక్కనివ్వకూడదని ఒకాయన. జర్మనీలో అయితే ఫైన్ వేస్తారని, వాళ్ళబ్బాయి అక్కడే ఉన్నాడని ఇంకొకాయన. ఇది కారున్నవాళ్ళ పొగరని కింద ఫ్లోర్ వాళ్ళు. ఎప్పుడూ హై బీమ్‌లోనే పొమ్మని మా కొలీగ్ సలహా. ఆ తర్వాత ఆయన నాకు రెండుసార్లు కనిపించాడు. అదే రగ్గు, లైటు లేదు. ఆ చోటు వస్తే చేతులు చెమటలు పడుతున్నాయి, ఒకటే టెన్షన్. తప్పు ఎవరిది? సైకిళ్ళకి చట్టం లేదా? హై బీమ్ సంగతేంటి? ఆయనకి ఒక లైటు కొనిద్దామని ఉంది, చిన్నబుచ్చుకుంటాడేమో అని ఆగాను. ఏం చెయ్యమంటారు?

— ఆర్., ఆకివీడు

సమాధానం:

ఆర్. గారూ,

మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు. వాటికంటే ముందు ఆ పెద్దాయన అడిగిన దానికి జవాబు చెబుతాను. ఉత్తరం మొత్తంలో నన్ను పట్టుకున్నది అదే. మీకు అది వెటకారంలా వినిపించింది. నాకు మాత్రం ఆయన నిజంగానే తెలియక అడిగాడనిపిస్తోంది.

ఆ రాత్రి సైకిలు మీద కూర్చుని చూడండి. ఇంటి దగ్గర బయల్దేరి అప్పటికి అరగంట అయి ఉంటుంది. మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇంచుమించు అంత సేపే పడుతుంది. ఆ తర్వాత చుక్కల వెలుగులో కూడా తారు రోడ్డు బూడిద రంగు పట్టీలా కనపడుతుంది. ఆయన వెళ్ళేది గంటకి పది, పన్నెండు కిలోమీటర్లు. గుంట వస్తే ముందే తెలుస్తుంది, కుక్క అడ్డం వస్తే కాలు దించేస్తాడు. వెనక నుంచి మీ కారు వస్తుంటే మీరు చేరకముందే ఆయన ముందున్న రోడ్డు తెల్లబడింది. ఆ తెలుపులో తన నీడ పొడుగ్గా పడి, మీరు దగ్గరయ్యే కొద్దీ ఎడమకి జరుగుతూ వచ్చింది. ఇంత వెలుగు తన వీపు మీద పడుతుంటే, ఆ వెలుగు వేస్తున్నవాడికి తను కనపడడని ఎవరైనా ఎందుకు అనుకుంటారు? తనకి అంతా కనపడుతోంది కాబట్టి తనూ అందరికీ కనపడుతున్నాననే అనుకున్నాడు.

ఇప్పుడు మీ సీట్లోకి వద్దాం. ఇక్కడ కాస్త లెక్క ఉంది, ఓపిక పట్టండి.

డెబ్భై స్పీడంటే సెకనుకి పంతొమ్మిది మీటర్లకు పైనే. అడ్డం ఏదో ఉందని కన్ను చెప్పి, కాలు బ్రేకు మీదకి వెళ్ళేసరికి సుమారు ఒకటిన్నర సెకను. అంటే బ్రేకు పడకముందే కారు దాదాపు 29 మీటర్లు పోయింది. పొడి రోడ్డు, మంచి టైర్లు అనుకుంటే ఆగడానికి ఇంకో 27 మీటర్లు. మొత్తం 56. డిమ్‌లో ఉన్న హెడ్‌లైటు రోడ్డుని సరిగ్గా చూపించేదే నలభై, యాభై మీటర్లు. నల్ల రగ్గు కప్పుకున్న మనిషైతే అంత దూరంలో కూడా తేలడు, ఎందుకంటే నలుపు పడిన వెలుగుని మింగేస్తుంది. లారీ అసలు రాకపోయినా ఆ లెక్కన మీరు చూసి ఆగగలిగేవారు కాదు. పైగా లారీ వచ్చింది. ఎదుటి హై బీమ్ కొట్టాక కన్ను తేరుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి, వయసు పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ. మూడు సెకన్లే అనుకోండి. డెబ్భైలో అది 58 మీటర్లు. భీమవరంలో పట్టపగలు కళ్ళకి గంతలు కట్టుకుని అంత దూరం నడపమంటే నడుపుతారా?

మీరూ ఆయనలాగే పొరబడ్డారు. లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి అన్నీ కనపడుతున్నాయనుకున్నారు.

తప్పు ఎవరిదంటే, నా లెక్కలో ఇద్దరిదీ, కానీ చెరి సగం మాత్రం ఒప్పుకోను. వెనక ఒక ఎర్ర లైటు ఉంటే మీకు ఆయన రెండు మూడు వందల మీటర్ల ముందే తెలిసేవాడు. అది లేకపోవడం ఆయన తప్పే, అందులో నసుగుడు లేదు. కళ్ళు బైర్లు కమ్మాక కూడా యాక్సిలరేటర్ మీద కాలు తియ్యకపోవడం మీది. ఆయన తప్పు ఆయన ప్రాణానికే ముప్పు, మీ తప్పు కూడా ఆయన ప్రాణానికే. తగిలి ఉంటే మీ ఇన్సూరెన్స్ వాళ్ళు బంపర్ మార్చేవాళ్ళు.

ఇంకో చిన్న మాట. మీరు ఆయన్ని "ఏరా" అన్నారు, ఆయన మీతో "అండీ" అన్నాడు. భయపడ్డప్పుడు నోరు జారుతుంది, నాకూ జారింది. కానీ వాట్సాప్ గ్రూపుకి ఆ ముక్క చెప్పారా అని అడగాలనిపించింది.

మా నాన్నది గుడివాడలో అద్దె సైకిళ్ళ షాపు. నా చిన్నప్పుడు సాయంత్రం బడి నుంచి వచ్చాక గాలి కొట్టడం, పంక్చర్ చూసే నీళ్ళ పళ్ళెం మార్చడం నా డ్యూటీ. ఇరవై సైకిళ్ళలో నాలుగింటికే డైనమో ఉండేది. ముందు ఫోర్కుకి బిగించిన చిన్న సీసాలాంటిది, దాని తల మీద గీతల చక్రం. స్ప్రింగు నొక్కితే ఆ చక్రం టైరు పక్కకి ఆనుకుని చక్రంతో పాటు తిరిగేది, ఆరు వోల్టులు, మూడు వాట్లు. ర్ర్ర్ మని మోత. ఎంత గట్టిగా తొక్కితే అంత వెలుగు, మెల్లగా పోతే మినుకు మినుకు, ఆగితే ఆరిపోయేది. అంటే ఏ మలుపు దగ్గరైతే స్పీడు తగ్గిస్తామో అక్కడే చీకటి! తొక్కేవాడికి బరువు కూడా. ఎదురుగాలిలో ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టుండేది.

అందుకని అద్దెకు తీసుకున్నవాళ్ళు బజారు దాటగానే డైనమోని టైరు మీద నుంచి లేపేసేవాళ్ళు. కూడలిలో కానిస్టేబుల్ టోపీ కనపడితే టక్కున నొక్కేవాళ్ళు. దొరికితే గాలి తీసేసి నడిపించుకుంటూ పొమ్మనేవాడు. అలా గాలి పోయిన సైకిలు తోసుకుంటూ వచ్చి మా నాన్న మీద విరుచుకుపడినవాళ్ళు నాకు బాగా గుర్తు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, డైనమో లైటు అంటే అప్పట్లో అందరికీ ముందున్న దారి చూసుకునే లైటు, లేదా కానిస్టేబుల్‌కి చూపించే లైటు. వెనక నుంచి వచ్చేవాడికి మనం కనపడటానికి ఒక లైటు కావాలన్న ఊహే ఎవరికీ లేదు. ఉండాల్సిన అవసరమూ పెద్దగా లేదు. వెనక నుంచి వచ్చేది ఇంకో సైకిలో, ఎడ్లబండో, ఎప్పుడో ఒక బస్సో. మీ పెద్దాయన ఆ రోజుల్లో సైకిలు నేర్చుకున్నవాడు. కాళ్ళ కింద రోడ్డు మారిపోయింది. సీసా డైనమోలు పోయాయి, కానిస్టేబుల్ పోయాడు, ఎడ్లబండి స్థానంలో డెబ్భైలో మీరొచ్చారు. ఆయన అలవాటు మాత్రం అక్కడే ఉంది.

ఇక చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం ఇంజనుతో నడిచేవాటి గురించి. కాళ్ళతో తొక్కే సైకిలు దాని కిందికి రాదు. అందుకే సైకిలుకి రిజిస్ట్రేషను, లైసెన్సు ఏవీ ఉండవు. కొత్తగా అమ్మే సైకిళ్ళకి ప్రమాణాలకు తగ్గ రిఫ్లెక్టర్లు ఉండాలని కేంద్రం 2020లో ఒక నాణ్యతా ఉత్తర్వు ఇచ్చింది. అది తయారుచేసేవాళ్ళకి. పదిహేనేళ్ళ కిందటి సైకిలు మీద చెరువుకి వెళ్ళేవాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఇక్కడొక తమాషా ఉంది. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త మోటారు సైకిళ్ళన్నిటికీ ఇంజను ఆన్ చేస్తే హెడ్‌లైటు దానంతటదే వెలుగుతుంది. ఎండలో కూడా, ఎదుటివాళ్ళకి కనపడాలని. ఇంజనే లేని సైకిలువాడిని మాత్రం రాత్రి పూట కూడా అలాగే వదిలేశాం.

జర్మనీ సంగతి మీ గ్రూపాయన చెప్పింది నిజమే. లైటు లేకుండా తొక్కితే 20 యూరోలు, ఎవరికైనా ప్రమాదం తెచ్చిపెడితే ఇంకా ఎక్కువ. మన పిల్లలు అక్కడ దిగిన మొదటి నెలలోనే ఇది నేర్చుకుంటారు, కొందరు డబ్బు కట్టి మరీ. 2013 దాకా అక్కడ డైనమోనే ఉండాలనేవాళ్ళు, ఆ ఏడాదే బ్యాటరీ లైట్లకి ఒప్పుకున్నారు. బ్రిటన్‌లోనూ పొద్దు కుంకింది మొదలు పొద్దు పొడిచేదాకా ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు ఉండాలి. అయినా అక్కడా లైటు లేకుండా తిరిగేవాళ్ళున్నారు. వాళ్ళకి నింజాలని పేరు పెట్టి కారువాళ్ళు తిట్టుకుంటారు. మీ గ్రూపులో జరిగిన గొడవే అక్కడా జరుగుతూ ఉంటుంది, అది కూడా వాళ్ళబ్బాయిని అడగమనండి.

చీకటి పడ్డాక సైకిళ్ళని రోడ్డెక్కనివ్వకూడదన్న పెద్దమనిషి గురించి ఒక్క మాట. కలకత్తాలో 2013లో 174 రోడ్ల మీద సైకిళ్ళు వద్దన్నారు. పాలవాళ్ళు, పేపరువాళ్ళు, చిన్న చిన్న సామాన్లు చేరవేసేవాళ్ళు రోడ్డున పడి గోల చేశారు. మీ దగ్గర ఎవరు పడతారో చెప్పనా? రొయ్యల చెరువులో తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ వేళకి నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో, కరెంటు పోతే జనరేటర్ వేశారో లేదో చూడటానికి గట్టు మీద ఒక మనిషి ఉండి తీరాలి. లేకపోతే రొయ్యలన్నీ చచ్చి పంట మొత్తం పోతుంది. ఆ మనిషికి రాత్రి బస్సు లేదు, బండి కొనే జీతం లేదు. అందుకని సైకిలు. మీ అపార్ట్‌మెంట్‌లో చెరువులున్నవాళ్ళు ఒక్కరైనా ఉండే ఉంటారు. తమ చెరువు కాపలాకి మనిషి ఎలా వస్తున్నాడో వాళ్ళని అడిగి చూడండి.

అదే రోడ్డు మీద ధాన్యం బస్తాలేసుకుని, వెనక ఒక్క లైటు కూడా లేకుండా ట్రాక్టర్ ట్రక్కులు వెళ్తుంటాయి. వాటిని ఆపెయ్యాలని ఎవరూ గ్రూపులో పెట్టరు. సైకిలువాడి మీదే ఎందుకంత కోపం వస్తుందో నేను చాలాసార్లు ఆలోచించాను. అతన్ని గుద్దితే మనకి దెబ్బ తగలదు, కానీ జన్మంతా మోయాల్సి వస్తుంది. ఆ భయమే కోపంలా బయటికొస్తుందని నా అనుమానం. మీరు ఆ రాత్రి దిగి తిట్టింది కూడా భయంతోనే. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో సైకిలు మీద ఉన్నవాళ్ళు నాలుగు వేల పైమాటే. వాళ్ళని గుద్దిన బండ్లు నడిపినవాళ్ళలో చాలామంది మీలాంటి మామూలు మనుషులే అయి ఉంటారు.

హై బీమ్ గురించి మీ కొలీగ్ చెప్పింది సగం ఒప్పు. ఎదురుగా ఎవరూ లేనప్పుడు, ముందు బండి లేనప్పుడు ఊరి బయట హై బీమ్ వెయ్యాల్సిందే. చాలామంది మర్యాదకి పోయి అప్పుడూ డిమ్‌లోనే పోతారు. ఎదుటి లైటు కనపడగానే దించండి, వాడు దించకపోయినా మీరు దించండి. పౌరుషానికి మీరూ వేస్తే ఆ రోడ్డు మీద ఇద్దరు గుడ్డివాళ్ళు తయారవుతారు. ఎదుటి వెలుగు కొడుతున్నప్పుడు దాన్ని చూడకుండా రోడ్డు ఎడమ అంచు చూడమని డ్రైవింగ్ స్కూల్లో చెబుతారు. మంచిదే. కాకపోతే మీ పెద్దాయన ఉండేది సరిగ్గా ఆ అంచులోనే, అందుకని చూపుతో పాటు స్పీడూ దిగాలి. నలభై అయిదుకి దించితే అంతా కలిపి ముప్ఫై మీటర్లలో ఆగుతారు. డిమ్ వెలుగులో అది సరిపోతుంది. భీమవరం నుంచి ఆకివీడు దాకా అలా నాలుగైదుసార్లు దించినా ఇంటికి చేరడం రెండు నిమిషాలు ఆలస్యమవుతుంది.

ముందు అద్దం లోపలి వైపు ఎప్పుడు తుడిచారు? బయట వైపర్ తుడుస్తుంది, లోపల మాత్రం సన్నని జిడ్డు పొర పేరుకుంటుంది. ఎదుటి లైటు దాని మీద పడితే అద్దమంతా పాలు పోసినట్టవుతుంది. ఉతికిన పాత నూలు పంచె ముక్కతో, కాస్త తడిచేసి తుడవండి. తేడా ఆ రాత్రే తెలుస్తుంది. సైకిలుని దాటేటప్పుడు మధ్యలో ఒక మనిషి అడ్డంగా పడుకునేంత చోటు వదలండి. వెనక దగ్గరికొచ్చి గట్టిగా హారన్ కొట్టకండి, ఉలిక్కిపడి హ్యాండిల్ మీ వైపే తిప్పుతారు.

ఇప్పుడు లైటు. కొనివ్వండి, తప్పకుండా. ఏది కొనాలో చూద్దాం, ఎందుకంటే చాలామంది డబ్బు పెట్టి పనికిరానివి కొంటారు.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ వాళ్ళు ఒక ప్రయోగం చేశారు. మామూలు ట్రాఫిక్ లేని రోడ్డు మీద రాత్రిపూట జనాన్ని కారు నడపమని, సైకిలు మీద మనిషి ఉన్నట్టు తెలియగానే చెప్పమన్నారు. నల్ల బట్టల్లో ఉన్నవాణ్ణి గుర్తించింది నూటికి రెండుసార్లు. మెరుపు పచ్చ ఫ్లోరసెంట్ కోటు వేసుకుంటే 15. కారు లైటుని వెనక్కి తిప్పికొట్టే రిఫ్లెక్టివ్ కోటైతే 50. ఆ కోటుకి తోడు చీలమండలకీ మోకాళ్ళకీ రిఫ్లెక్టివ్ పట్టీలు కడితే 90. పచ్చ కోటు పగలు మెరిసేది సూర్యుడి వెలుగులోని అతినీలలోహిత కిరణాల వల్ల. రాత్రి అది లేత రంగు చొక్కాతో సమానం. ఇక కాళ్ళ పట్టీల సంగతి. కదలకుండా మెరిసేది ఏదైనా కావచ్చు, కిలోమీటరు రాయో, గేటో. రెండు మెరుపులు ఒకటి పైకి ఒకటి కిందికి పోతుంటే మాత్రం అది తొక్కుతున్న మనిషని మెదడుకి వెంటనే తట్టేస్తుంది. అదే విశ్వవిద్యాలయం వాళ్ళు సైకిలు తొక్కేవాళ్ళనీ అడిగారు, ఎంత దూరం నుంచి మీరు కనపడతారనుకుంటున్నారని. అసలు దూరం కంటే బాగా ఎక్కువ చెప్పారు. అక్కడివాళ్ళదీ మీ పెద్దాయన భ్రమే!

కొందరు వెనక పాత సీడీ కట్టుకుని తిరుగుతారు. పాపం, మంచి ఉద్దేశమే. కానీ సీడీ అద్దం లాంటిది, వెలుగు ఏ కోణంలో పడితే దానికి ఎదురు కోణంలో పోతుంది. సరిగ్గా మీ ఎదురుగా నిలబడితే తప్ప మీ కంటికి రాదు. లారీల వెనక అంటించే రిఫ్లెక్టివ్ టేపు అలా కాదు. దాని లోపలి నిర్మాణం వల్ల వెలుగు ఎటు నుంచి వచ్చిందో అటే తిరిగిపోతుంది, అంటే నేరుగా కారు నడిపేవాడి కళ్ళ వైపు. లారీ సామాన్లు అమ్మే ఏ షాపులో అడిగినా ఇస్తారు. దానికి చార్జింగ్ అక్కర్లేదు, స్టాండులో ఎవరూ ఎత్తుకుపోరు, వర్షానికి పాడవదు.

ఎర్ర ముక్క వెనక మడ్‌గార్డు మీద. పసుపు రంగు సన్న ముక్కలు పెడళ్ళ వెనక అంచుకి, రెండింటికీ. ఎర్రది ముందు, తెల్లది వెనక మాత్రం అంటించొద్దు, వచ్చేవాడికి బండి ఎటు పోతోందో అర్థం కాదు. దానితో పాటు రెండు మూడు వందల్లో వచ్చే చార్జింగ్ ఎర్ర లైటు ఒకటి, సీటు కిందకి. టేపు మీ లైటు పడితేనే మెరుస్తుంది, ఎర్ర లైటు తనంతట తాను వెలుగుతుంది, చలికాలపు మంచులో రెండూ కావాలి. ఫోను చార్జరుకే పెట్టుకునే రకం చూడండి. చెరువు గట్టు మీద ఏరియేటర్లకి కరెంటు ఉంటుంది కాబట్టి కాపలా షెడ్డులో ఆయన ఫోను పక్కనే ఇదీ పెట్టుకోవచ్చు. డబ్బు ఒకదానికే ఉంటే వెనక లైటు కొనండి. ముందు లైటు తర్వాతైనా ఫరవాలేదు. డెన్మార్క్‌లోని ఓడెన్సె పట్నంలో సుమారు నాలుగు వేల మందితో ఏడాది పాటు ఒక పరీక్ష పెట్టి, సగానికి కాస్త తక్కువమంది సైకిళ్ళకి ఎప్పుడూ వెలిగే లైట్లు బిగించారు. లైట్లున్నవాళ్ళకి ప్రమాదాలు 19 శాతం తగ్గాయి. పగలు కూడా కలిపిన లెక్క ఇది.

ఎలా ఇవ్వాలి? రాత్రి పూట రోడ్డు మీద కారు ఆపి, దిగి, చేతిలో పెట్టకండి. మొన్న ఏరా అన్న మనిషి ఇవాళ కారు ఆపితే ఆయన ముందు భయపడతాడు. ఇచ్చినా తీసుకుంటాడు, మళ్ళీ వాడడు, మనవడి ఆటవస్తువైపోతుంది. నేను మా షాపులో చూసినదాన్నిబట్టి చెబుతున్నాను, సైకిలు మీద ఏదైనా నిలవాలంటే దాన్ని రిపేరు చేసేవాడు బిగించాలి. ఆ రోడ్డు మీద పంక్చర్ షాపు ఎక్కడుందో చూడండి. చెరువులకి వెళ్ళేవాళ్ళందరి సైకిళ్ళూ నెలకోసారైనా ఆ షాపుకి వస్తాయి. ఆయనకి ఒక రోలు టేపు, నాలుగైదు లైట్లు ఇచ్చి, రాత్రి తిరిగే సైకిలు ఏది వచ్చినా అంటించి పంపమనండి. కూలి మీరు ఇవ్వండి. అడిగితే కంపెనీవాళ్ళు ఇచ్చారని చెప్పమనండి, ఈ అబద్ధానికి నేను హామీ. మీ పెద్దాయనొక్కడికే కాకుండా ఆ గట్ల మీద కాపలాకి పోయే పది మందికీ చేరుతుంది. ఆయనకి ఒక్కడికే ఇచ్చిన దానంలా కూడా ఉండదు. గ్రూపులో చెరువులున్నవాళ్ళు దొరికితే వాళ్ళ కాపలా మనుషులకి వాళ్ళనే ఇవ్వమనండి, జీతంతో పాటు గొడుగు, టార్చి ఇస్తారు కదా, అలాగే.

క్షమాపణ మాత్రం పంక్చర్ షాపు చేత చెప్పించలేరు. అది పగటిపూట, కారు లేకుండా. ఏ చెరువో ఎవరినడిగినా చెబుతారు, పొద్దున్నే కాపలా దిగే వేళకి వెళ్ళండి. పెద్ద ఉపన్యాసం వద్దు. "ఆ రాత్రి భయంలో నోరు జారానండి" అంటే చాలు. అప్పుడు ఆయన ప్రశ్నకి జవాబు కూడా చెప్పండి, "నిజంగానే మీరు నాకు కనపడలేదండి" అని. వీలైతే చూపించండి కూడా. ఒకరోజు చీకటి పడ్డాక కారు పక్కన ఖాళీ జాగాలో ఆపి, డిమ్ వేసి, ఆయన రగ్గు కప్పిన సైకిలుని మీరు యాభై అంగల దూరంలో నిలబెట్టండి, ఆయన మీ సీట్లో కూర్చుంటాడు. ఆ తర్వాత లైటు గురించి మీరు నోరు తెరవాల్సిన పని ఉండదు.

మీ చేతుల చెమటకి నా దగ్గర మందు లేదు. ఆ చోట కాలు కాస్త వెనక్కి వస్తోందంటే అది రావాల్సిందే.

టేపు అంటించే ముందు మడ్‌గార్డుని తడిగుడ్డతో తుడిచి బాగా ఆరనివ్వమని షాపాయనకి మరీ మరీ చెప్పండి. చెరువు గట్టు దుమ్ము మీదే అంటిస్తే వారం తిరక్కుండా ఊడొస్తుంది.